సిలబస్ కాపీకి మూడు నెలలు తిప్పుతారా?

సంపాదకులకు నమస్కారం.

బీటెక్ చదివి ఫిజిక్స్ ఎమ్మెస్సీకి విదేశాలకు వెళ్లే పిల్లల వల్ల ఇంజనీరింగ్ సీట్లు వృథా అవుతున్నాయని పది రోజుల కిందట మీ పత్రికలో రాశారు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. నేను 31 ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. మా అమ్మాయి బీటెక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) పూర్తిచేసి ఇప్పుడు ఆ దారే పట్టింది.

వృథా ఎలా అవుతుందండీ? పాల్ డిరాక్ 1921లో బ్రిస్టల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకుని, ఉద్యోగం దొరక్క లెక్కల్లోకి, తర్వాత ఫిజిక్స్‌లోకి వచ్చాడు. 1933లో నోబెల్ అందుకున్నాడు. జాన్ బార్డీన్ మొదట చదివిందీ ఎలక్ట్రికల్ ఇంజనీరింగే. ఆయనకు ఫిజిక్స్‌లో రెండు నోబెల్‌లు వచ్చాయి. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిన పిల్లను బీఎస్సీలో చేర్పించే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఫిజిక్స్ చెప్పే నాకే లేకపోయింది.

పోనీ ఇక్కడే చదివిద్దామంటే దారేదీ? జాతీయ స్థాయి పీజీ పరీక్ష అయిన గేట్‌లో ఫిజిక్స్ పేపర్ బీటెక్ వాళ్లూ రాయొచ్చు. కానీ మన రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు బీఎస్సీలో ఫిజిక్స్ చదివి ఉండాల్సిందే. అందుకే జర్మనీకి ప్రయత్నించాం. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. అయినా వీసాకు బ్లాక్‌డ్ అకౌంట్‌లో (ఏడాది ఖర్చుల కోసం ముందే వేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో) 11,904 యూరోలు చూపాలి, మన సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు కట్టాలి. అవన్నీ ఎలాగో సర్దుకున్నాం.

అసలు టెన్షన్ వేరే ఉంది. అక్కడివాళ్లు డిగ్రీ పేరు ఒక్కటే చూసి ఊరుకోరు. క్వాంటమ్ మెకానిక్స్ ఎన్ని క్రెడిట్లు, స్టాటిస్టికల్ మెకానిక్స్ చదివావా, ల్యాబ్ ఎన్ని గంటలు అని ఒక్కో పేపర్ లెక్క కడతారు. ఈసీఈలో ఫిజిక్స్ పేరుతో ఉన్నది మొదటి సంవత్సరంలో ఒక్క అప్లైడ్ ఫిజిక్స్ పేపరే. కానీ ఎలక్ట్రోమాగ్నెటిక్ థియరీ, సెమీకండక్టర్లు, వాటికి కావాల్సిన గణితం అన్నీ చదివింది కదా! అది చూపించాలంటే యూనివర్సిటీ ముద్ర ఉన్న పూర్తి సిలబస్ కావాలి. ఆ కాగితం కోసం మూడు నెలలు తిప్పారు. కాలేజీ వాళ్లు యూనివర్సిటీకి పొమ్మన్నారు, యూనివర్సిటీ వాళ్లు కాలేజీ నుంచి లెటర్ తెమ్మన్నారు. లెటర్ తెస్తే సెక్షన్‌లో సారు సెలవు. చివరికి అక్కడి అప్లికేషన్‌కు జులై 15 గడువు దాటిన తొమ్మిదో రోజున చేతికొచ్చింది. లోటున్న పేపర్లను కోర్సులో చేరాక రాసుకొమ్మనే షరతుతో సీటిచ్చే యూనివర్సిటీలు అక్కడ ఉన్నాయి. మా పిల్ల అప్లికేషన్ వాళ్లదాకా పోనేలేదు. సంవత్సరం పోయింది. ఎవరిని అడగాలి?

ఇంటర్‌లోనే ఫిజిక్స్‌ను చంపేశాం. ప్రాక్టికల్స్‌కు 30 మార్కులున్నాయి. ల్యాబ్ తాళం తీయకుండానే 30కి 30 వేసే కాలేజీలను నా కళ్లతో చూశాను. వెర్నియర్ కాలిపర్స్ చేత్తో పట్టుకోని పిల్లలు ఇంజనీర్లయిపోతున్నారు. అధికారులు తనిఖీకి వస్తారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్తారు. పత్రికలకు అది వార్త కాదు, ఇష్టపడి ఫిజిక్స్ చదువుతానన్న పిల్లలు వార్త!

ఉన్నత విద్యామండలి వారిని రెండు కోరుతున్నాను. బీటెక్ వాళ్లకు ఒక ఏడాది బ్రిడ్జి కోర్సు పెట్టి ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరనివ్వండి. సిలబస్, ట్రాన్స్‌క్రిప్ట్‌లు (అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రాలు) అడిగిన పదిహేను రోజుల్లో ఆన్‌లైన్‌లో ఇప్పించండి. మా అమ్మాయి వచ్చే ఏడాదికి మళ్లీ అప్లై చేస్తోంది. ఈసారి మెకానికల్ చదివిన ఆమె స్నేహితురాలు కూడా చేస్తోంది. ఆ అమ్మాయికి సిలబస్ కాపీ ఇంకా రాలేదు.

ఇట్లు,
విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, ఖమ్మం