ఆ కాలేజీల కథ తెలిసినవాళ్ళకి ఎనభై దాటేశాయి, ఇప్పుడే అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సిటీ పేజీల్లో హైదరాబాద్ పాత కాలేజీల మీద వేసిన వ్యాసం చదివాను, చాలా బాగుంది, 1887 నాటి నిజాం కాలేజీ, 1918లో మొదలైన ఉస్మానియా, రెసిడెన్సీ బిల్డింగ్‌లో నడిచిన కోఠి ఉమెన్స్ కాలేజీ (ఇప్పుడు చాకలి ఐలమ్మ గారి పేరుతో యూనివర్సిటీ అయింది), అన్నీ వివరంగా రాశారు. కాన్వెంట్ కాలేజీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మిషనరీలు కూడా కొన్ని నడిపారు అని ఒక్క లైన్‌తో సరిపెట్టేశారు. ఆ ఒక్క లైన్‌లోనే నా మూడేళ్ళున్నాయండి, నాలాగ చదువుకున్న ఎంతోమంది ఆడపిల్లల మూడేళ్ళున్నాయి, అందుకే కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

నేను చదివింది బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్‌లో, బీఏ, 1991లో చేరాను. మాది సూర్యాపేట, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మా నాయన బట్టల షాపులో గుమస్తా, అప్లికేషన్ ఇవ్వడానికి నన్ను తీసుకుని పొద్దున్నే ఎర్రబస్సు ఎక్కి వచ్చాడు. ఆఫీసు మెట్ల దగ్గరికి రాగానే గుడికొచ్చినట్టు చెప్పులు కింద విడిచేశాడు, లోపల సిస్టర్స్ ఉంటారు కదా అని. జూన్ ఎండ, బండలు కాలుతున్నాయి. లోపల్నుంచి ఒక సిస్టర్, మలయాళీ ఆవిడ, బయటికొచ్చి తనకొచ్చిన తెలుగులో "చెప్పులు వేస్కోండి సార్, కాల్ కాల్తుంది" అంది. మా నాయనని జీవితంలో ఎవరైనా సార్ అనడం నేను మొదటిసారి విన్నది అక్కడే. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, చివరిదాకా ఎవరికి చెప్పినా "మా బిడ్డ కాలేజీ" అని మొదలుపెట్టి ఆ చెప్పుల సంగతే చెప్పేవాడు.

ఆ కాలేజీ 1959లో పెట్టారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి వచ్చి మూడేళ్ళే. పెట్టినవాళ్ళు సిస్టర్స్ ఆఫ్ చారిటీ అనే కాథలిక్ సన్యాసినులు, వీళ్ళ మూలం ఇటలీలో, ఇసేయో అనే సరస్సు ఒడ్డున లోవెరె అని ఒక చిన్న ఊరు. నాకీ కథ ఒక సిస్టర్ ఖాళీ పీరియడ్‌లో చెప్పింది, ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. బార్తొలొమేయా అనే అమ్మాయి చిన్నప్పుడు స్కూల్లో స్నేహితురాళ్ళతో కలిసి మనలో ముందు పునీతురాలు, అంటే సెయింట్, ఎవరవుతారు అని గడ్డిపరకలతో చీటీలు తీసినట్టు తీస్తే పొడుగు పరక తనకే వచ్చిందట, అంతే, ఆ మాట పట్టుకుంది. ఊళ్ళో పేద ఆడపిల్లలకి చదువు చెప్పేది. తనకన్నా ఇరవై రెండేళ్ళు పెద్దదైన విన్చెన్సా గెరోసా అనే ఆవిడ, తోళ్ళ వ్యాపారం చేసే ఉన్నింటి బిడ్డ, అప్పటికే రోగుల సేవలో ఉంది. ఇద్దరూ కలిసి 1832 నవంబర్‌లో ఒక చిన్న ఇంట్లో ఈ సంఘం మొదలుపెట్టారు, మొదలుపెట్టిన ఎనిమిది నెలలకే బార్తొలొమేయా పోయింది, ఇరవై ఆరేళ్ళు. మిగిలిన పెద్దావిడే 1847లో తను పోయేదాకా దాన్ని నిలబెట్టింది. 1860కల్లా వాళ్ళ సిస్టర్స్ బెంగాల్‌లో దిగారు. ఇద్దరినీ 1950లో పోప్ పునీతులుగా ప్రకటించారు. ఇరవై ఆరేళ్ళకి పోయిన ఒక ఇటలీ అమ్మాయి మొదలుపెట్టిన పని, నూట అరవై ఏళ్ళ తర్వాత సూర్యాపేట గుమస్తా కూతురి దాకా వచ్చిందంటే, ఇది ఒక్క లైన్‌లో పట్టే సంగతేనా చెప్పండి.

మొదటి ఏడాది ఇంగ్లీష్‌తో నేను పడ్డ బాధ అంతా ఇంతా కాదు. క్లాసులో సగం మంది ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు, నేను హాజరు పలకడానికి కూడా లోపల ఒకసారి అనుకుని అప్పుడు పలికేదాన్ని. మొదటి ఇంటర్నల్‌లో పేపర్ దాదాపు తెల్లగా ఇచ్చేశా. ఎకనామిక్స్ మేడమ్ స్టాఫ్ రూమ్‌కి పిలిచింది, తిడుతుందనుకున్నా, కుర్చీ చూపించి, డిమాండ్ అంటే ఏంటో ముందు నీకొచ్చిన భాషలో చెప్పు అంది. చెప్పాను, మా నాయన షాపులో శ్రావణమాసం చీరల లెక్క చెప్పాను, పెళ్ళిళ్ళ సీజన్లో రేటు పెంచినా ఎందుకు కొంటారో, ఆషాఢంలో తగ్గించినా ఎందుకు కొనరో చెప్పాను. ఆవిడ నవ్వి, నీకు సబ్జెక్ట్ వచ్చు, మాటలే రావాలి, అవి నేనిస్తా అంది. రోజూ సాయంత్రం అరగంట, అలా ఒక సంవత్సరం. ఫీజు లేదు, పేరు లేదు, ఏ రికార్డులోనూ ఉండదు ఈ అరగంట.

ఇంకోటి, ఇది ఇప్పటి పిల్లలకి అస్సలు తెలీదు. అప్పుడు ఎయిర్‌పోర్ట్ బేగంపేటలోనే కదా, విమానం పైనుంచి పోతుంటే క్లాసులో మాట వినపడేది కాదు. మేడమ్స్ అందరూ చాక్‌పీస్ పట్టుకుని అలాగే ఆగిపోయేవాళ్ళు, విమానం దాటాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. మా హిస్టరీ మేడమ్ అయితే వాక్యం ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కణ్ణుంచే, మధ్యలో క్రియ దగ్గర ఆగితే ఆ క్రియ దగ్గర్నుంచే అందుకునేది. ఆ సగం నిమిషంలో మేము వెనక బెంచీకి చీటీలు పంపడం, పచ్చి మామిడికాయ ముక్క నోట్లో వేసుకోవడం, అన్నీ అయిపోయేవి. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్‌కి పోయాయి, దాంతో ఆ ఆగడం కూడా పోయింది. ఇప్పుడు అటువైపు మెట్రో వస్తుంది పోతుంది, ఎవరి మాటా ఆగదు.

కాథలిక్ కాలేజీ అనగానే మతం సంగతి అడుగుతారు, నన్నూ చాలామంది అడిగారు కాబట్టి నాకు తెలిసింది రాస్తా. రాజ్యాంగం 30వ అధికరణ కింద మైనారిటీలకి తమ విద్యాసంస్థలు పెట్టుకునే, నడుపుకునే హక్కుంది, ఆ హక్కుతో నడిచేవే ఇవన్నీ. మా క్లాసులో మాత్రం అన్ని మతాల వాళ్ళం ఉండేవాళ్ళం. నా పక్కన కూర్చునే అమ్మాయి చార్మినార్ అవతల్నుంచి రెండు బస్సులు మారి వచ్చేది, వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల, సిస్టర్స్ ఉన్న కాలేజీ, మగపిల్లలు ఉండరు అనే ధైర్యంతోనే వాళ్ళ నాన్న పంపాడు. పరీక్షల ముందు మేమిద్దరం కలిసి చాపెల్‌కి వెళ్ళేవాళ్ళం, ఆమె దువా చేసుకునేది, నేను ఆంజనేయ దండకం చదువుకునేదాన్ని, ముందు వరసలో సిస్టర్స్ వాళ్ళ ప్రార్థన వాళ్ళు చేసుకునేవాళ్ళు. మీరిక్కడ ఇలా చేయొద్దు అని ఒక్కరూ అనలేదు.

అన్నీ మంచివే రాస్తే అది చరిత్ర అవ్వదు కూడా. 2019లో కుర్తీ మోకాళ్ళ కిందికే ఉండాలని రూల్ పెడితే పిల్లలు గేటు బయట నిలబడి నిరసన చేశారు, కాలేజీ ఆ రూల్ వెనక్కి తీసుకుంది, అప్పుడు మీ పేపర్లోనూ వచ్చింది. నేను ఆ పిల్లల పక్షమే. రేపు ఎవరైనా కాలేజీ చరిత్ర రాస్తే అందులో ఆ రోజుకీ ఒక పేజీ ఇవ్వాలి, ఎదురు నిలబడి మాట్లాడగలిగే ఆడపిల్లలు తయారవ్వాలనే కదా మా మేడమ్స్ అంత కష్టపడింది.

ఇది మా ఒక్క కాలేజీ సంగతే అనుకోకండి. అల్వాల్‌లో జెస్యూట్లనే కాథలిక్ ఫాదర్ల లొయోలా అకాడమీ 1976 నుంచి ఉంది, మెహిదీపట్నం సెయింట్ ఆన్స్‌లో మన పీవీ సింధు చదువుకుంది, అటు విజయవాడ ఆంధ్ర లొయోలా 1953 నాటిది. ప్రతిదాని వెనకా ఇలాంటి కథలు బోలెడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. రెండు నెలల క్రితం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర ఒక పాత కాలేజీ మేగజైన్ దొరికింది, 1970లదే, నగరంలో ఒక కాన్వెంట్ కాలేజీది, ఏదో పేరెందుకు లెండి. నలభై రూపాయలు అడిగితే ముప్పైకి ఇచ్చాడు. లైబ్రరీ ముద్ర ఉంది, అంటే తీసి తూకానికి వేసేశారన్నమాట. లోపల లంగా ఓణీల్లో ఖోఖో టీమ్, ఎన్ఎస్ఎస్ క్యాంపులో పార పట్టుకుని రోడ్డేస్తున్న అమ్మాయిలు, వెనకాల తెలుగు విభాగంలో పన్నెండు పేజీలు, అందులో ఒకమ్మాయి వాళ్ళ ఊరి బావి గురించి రాసిన కవిత చదివి నేను అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి కళ్ళు తుడుచుకున్నా. ఆమె ఎక్కడుందో, ఆ తర్వాత మళ్ళీ ఏమైనా రాసిందో లేదో.

1959లో పదిహేడేళ్ళకి మా కాలేజీలో చేరిన వాళ్ళకి ఇప్పుడు ఎనభై దాటేశాయి. అప్పటి మేడమ్స్‌లో ఉన్నవాళ్ళెందరో, సిస్టర్స్‌లో ఎందరు మిగిలారో. గంట కొట్టిన ఆయమ్మ, గేటు కాడ వాచ్‌మన్ తాత, క్యాంటీన్లో మిర్చి బజ్జీ అప్పు రాసుకున్న అన్న, వీళ్ళ పేర్లయితే ఏ సావనీర్‌లోనూ ఉండవు, బిల్డింగ్ ఎప్పుడు కట్టారు, గ్రేడ్ ఎంతొచ్చింది, చీఫ్ గెస్ట్ ఎవరు, ఇవే ఉంటాయి. అందుకని సార్, మీ సిటీ ఎడిషన్‌లో వారానికి ఒక్క పావు పేజీ ఇవ్వండి, ఒక్కో కాలేజీ నుంచి ఒక్కో పెద్దావిడని మీ రిపోర్టర్ కలిసి అడిగి రాయాలి, ఫోన్లో కాకుండా ఇంటికి వెళ్ళి, పాత ఫోటోలు ముందేసుకుని. కాలేజీల యాజమాన్యాలకి కూడా నా విన్నపం, పాత మేగజైన్లు తూకానికి వెయ్యకండి, స్కాన్ చేయించండి, అంత డబ్బు లేదంటే మాలాంటి పాత స్టూడెంట్స్‌ని పిలవండి, వచ్చి చేసి పెడతాం. నేనైతే శని ఆదివారాలు వస్తాను.

ఆ మేగజైన్ నా దగ్గర భద్రంగా ఉంది. ఇరవై మూడో పేజీలో చెట్టు కింద అయిదుగురమ్మాయిల ఫోటో ఉంది, కింద పేర్లు వెయ్యలేదు, చివరి అమ్మాయి చేతిలో టిఫిన్ క్యారియర్. మీరు వేస్తానంటే తెచ్చి మీ ఆఫీసులో ఇస్తాను, ఆ అయిదుగురిలో ఎవరైనా చూసి గుర్తుపట్టొచ్చు.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని,
బోయిన్‌పల్లి, సికింద్రాబాద్