పాత ఖాతా పోయింది, ఇది నేనే: సింగ్‌నగర్ నుంచి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఇది నేనే. నోస్టర్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో నా పాత ఖాతా ఇక మాట్లాడదు, ఈ కొత్త ఎన్‌పబ్, అంటే కొత్త ఖాతా చిరునామా, నాది. ఆ ముక్క నా అంతట నేను చెప్పుకుంటే చెల్లదని నా బదులు అక్కడి మన తెలుగు గుంపులో పద్దెనిమిది మంది చెప్పారు. వాళ్లకు థాంక్స్ చెప్పడానికే ఈ పోస్టు. ఆలస్యమైంది, దసరా కూడా వెళ్లిపోయింది. గోడల తడి ఆరితే గానీ కూర్చుని రాయబుద్ధి కాలేదు.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి మా మీదకు ఎలా వచ్చిందో విజయవాడ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మాది కింది వాటా. అమ్మను పట్టుకుని పై వాటాకు ఎక్కిస్తుంటే జేబులోంచి ఫోన్ జారి మెట్ల మీద నీళ్లలో పడింది. తర్వాత ఒక రిపేరు షాపులో ఇస్తే వారం రోజులు ఉంచుకుని, ఉన్న బోర్డు కూడా పాడుచేసి చేతిలో పెట్టారు. పోనీ అనుకుందామంటే, నా నోస్టర్ తాళం రాసుకున్న డైరీ బీరువా కింది అరలో ఉంది. అది బురదలో నాని అట్ల పిండిలా అయింది.

ఈ గొడవ తెలియని మా చుట్టాలు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ల కోసం రెండు మాటలు. నోస్టర్‌కు కంపెనీ లేదు. 2020లో ఫియట్‌జాఫ్ అనే మారుపేరుతో ఒకాయన మొదలుపెట్టాడు. 2022 డిసెంబర్‌లో ట్విట్టర్ పెట్టినవాళ్లలో ఒకడైన జాక్ డోర్సీ దానికి దాదాపు 14 బిట్‌కాయిన్లు ఇచ్చాడు, మా చెవిన పడింది అప్పుడే. మనం రాసేవి రిలేలు అనే రకరకాల కంప్యూటర్లలో ఉంటాయి. ఒకటి మూతపడితే ఇంకోదాంట్లో దొరుకుతాయి. ఖాతా అంటే రెండు పొడుగాటి అక్షరాల దండలు, ఒక్కోటి 63 అక్షరాలు. ఎన్‌పబ్ అందరికీ చూపించేది. ఎన్‌సెక్ మన దగ్గరే దాచుకునే తాళం, పోస్టుల మీద సంతకం దానితోనే. మన ఖాతాను ఎవడూ మూయలేడని ఏడాదిన్నరగా అందరికీ గొప్పగా చెబుతూ వచ్చాను. మూయలేని చోట తెరిచేవాడు కూడా ఉండడని నాకు నీళ్లలో నిలబడ్డాక గానీ వెలగలేదు. 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' బటన్ లేదు. ఫోన్ చేసి బతిమాలడానికి కస్టమర్ కేర్ లేదు.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. నా బిట్‌కాయిన్ వాలెట్ సీడ్ పదాలు, అంటే వాలెట్ పోతే తిరిగి తెరిచే పదాలు, మాత్రం ఉక్కు రేకు మీద ఉన్నాయి. ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గర అక్షరాల పంచ్‌లు అరువు తెచ్చుకుని, స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టినట్టు, పన్నెండు పదాలూ నేనే కొట్టుకున్నాను. పదానికి మొదటి నాలుగు అక్షరాలు కొడితే చాలు. ఆ పదాలు వచ్చే 2048 ఇంగ్లిషు పదాల జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగూ ఒకటి కావు. బురదలోంచి తీసి కుళాయి కింద కడిగితే ఆ రేకు నిన్న కొట్టినట్టే ఉంది. డబ్బు తాళం ఉక్కు మీద పెట్టి, మీ అందరితో మాట్లాడే తాళం కాగితం మీద పెట్టినవాణ్ని ఏమనాలో మీరే అనండి. మా ఆవిడ ఇప్పటికే అనేసింది.

నాలుగో రోజు నీళ్లు నడుము దాకా తగ్గాక ఇంట్లోకి దిగాను. గోడ మీద నీటి గీతకు జానెడు పైన ఒక క్యాలెండర్ వేలాడుతోంది. మన గుంపులో, గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నడిపే అన్న ఉగాదికి ఇచ్చింది. కింద ఎర్ర అక్షరాల్లో కొట్టు నంబరు. నోస్టర్‌లో ఎవరూ ఎవరి ఫోన్ నంబరూ అడగరు, నాకు దారి చూపించింది ఆ క్యాలెండరే. బావమరిది ఫోన్ తీసుకుని చేశాను. అవతల అన్న "ఎక్కడున్నావురా, నాలుగు రోజుల్నుంచి నీ దగ్గర్నుంచి గుడ్ మార్నింగ్ లేదు" అన్నాడు. రోజూ పొద్దున్నే ఆ రెండు మాటలు పెట్టడం వట్టి టైంపాస్ అని నేనే ఒకప్పుడు వెక్కిరించాను. వెనక్కి తీసుకుంటున్నాను అన్నా.

మర్నాడు అన్న, తెనాలి కుర్రాళ్లిద్దరు ట్రాలీ ఆటోలో వచ్చారు. నీళ్ల టిన్నులు, బియ్యం, రెండు పారలు, ఒక బస్తా బ్లీచింగ్. సాట్లు, అంటే బిట్‌కాయిన్ చిల్లర, పంపుతామని దూరం నుంచి చాలామంది అడిగారట. సంతోషం. కానీ మా వీధిలో సాట్లకు పాల ప్యాకెట్ రాదు, ఆ రోజుల్లో పార ముందు ఏ టెక్నాలజీ పనికిరాలేదు. ఆ ముగ్గురూ మోకాలి లోతు బురద రెండు పూటలు ఎత్తిపోశారు. అమ్మ వాళ్లను మీరు ఏం ఉద్యోగం బాబూ అని అడిగితే తెనాలి కుర్రాడు "బిట్‌కాయిన్ అండీ" అన్నాడు. అమ్మకు ఇప్పటికీ అది మున్సిపాలిటీలో ఏదో సెక్షన్ అనే అనుమానం.

ఈలోగా నోస్టర్‌లో ఇంకో తంటా. నేను కనపడకపోయేసరికి ఎవడో నా ఫొటో, నా పేరు పెట్టి కొత్త ఖాతా తెరిచాడు. వరదలో చిక్కుకున్నాను, సాయం పంపండి అని సాట్లు వేయించుకునే లైట్నింగ్ అడ్రస్ ఇచ్చాడు. మొదట పట్టుకున్నది మంగళగిరి అక్క. వాడు "మీ మద్దతుకు నేను మిక్కిలి కృతజ్ఞుడను" అని రాశాడట. "మా తమ్ముడు చచ్చినా మిక్కిలి అనడు, వీడు దొంగ" అని అక్క అందరికీ చెప్పింది. అక్కా, నా తెలుగు మీద నీకున్న ఆ నమ్మకానికి దండం. అప్పటికే ఒక కుర్రాడు వాడికి 5,000 సాట్లు పంపేశాడు. అప్పటి ధరకు రెండు వందల యాభై రూపాయల లోపే, కానీ నా మొహం చూసి ఇచ్చిన డబ్బు. తిరిగి పంపితే తీసుకోలేదు, మళ్లీ నాకే జాప్ చేశాడు, అంటే నా పోస్టు మీద నొక్కి సాట్లు పంపాడు. ఆ దొంగ ఖాతాను తీసేయమని అడగడానికి ఆఫీసంటూ లేదు. మనవాళ్లు రిపోర్టు కొట్టారు, మ్యూట్ చేశారు, ఇద్దరు తమ రిలేల్లోకి వాణ్ని రానివ్వలేదు. అంతవరకే. ఏదో ఒక రిలేలో వాడు ఇప్పటికీ ఉన్నాడు. ఎవడూ మూయలేని చోటు కావాలని కోరుకున్నది మనమే కాబట్టి ఇది కూడా మన ఖాతాలోదే.

మరి కొత్త ఎన్‌పబ్ తెచ్చి ఇది నేనే అంటే నాకూ వాడికీ తేడా ఏముంది? ఆ చిక్కు విప్పింది బ్రాడీపేట మాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, పద్ధతి పద్ధతే. నన్ను గుంటూరు రమ్మన్నారు. నాలుగో లైనులో వాళ్ల డాబా మీద ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కళ్లజోడు పెట్టుకుని, నా కొత్త ఫోన్‌లో ఎన్‌పబ్ మొత్తం ఒక్కో అక్షరం పైకి చదివారు. పక్కన అన్న తన ఫోన్‌లో సరిచూశాడు. ఎన్‌పబ్1 తర్వాత బి, ఐ, ఓ అక్షరాలు, ఒకటి అంకె రావు, చదివేటప్పుడు ఒకదానికొకటి పొరపాటు పడకూడదని. మాస్టారు అది కూడా చెప్పి మరీ చదివారు. అంతా అయ్యాక నన్ను ఎగాదిగా చూసి "మనం మొదటిసారి కలిసినప్పుడు టీ డబ్బులు ఎవరిచ్చారు?" అన్నారు. "మీరే మాస్టారూ, నా దగ్గర చిల్లర లేదు" అన్నాను. "ఇప్పటికీ ఇవ్వలేదు, వీడే" అని అప్పటికప్పుడు తన సంతకంతో పోస్టు పెట్టారు. ఆయన్ను చూసి అన్న, అన్నను చూసి అక్క, అలా పద్దెనిమిది మంది. నేను ఒక్కసారైనా ముఖాముఖి కలిసినవాళ్లే అందరూ.

మన పేర్లు నడిచే వెబ్‌సైటు డొమైన్ చూసుకునే తమ్ముడు ఆ రాత్రే తన సర్వర్ ఫైలులో నా పేరు పక్కన పాత ఎన్‌పబ్ తీసి కొత్తది పెట్టాడు. ఒక్క లైను మార్పు. దాంతో నా పాత పేరు, దాని పక్కన టిక్కు గుర్తు కొత్త ఖాతాకు వచ్చాయి. నేను ఎవరెవర్ని ఫాలో అయ్యేవాణ్నో ఆ జాబితా రిలేల్లో బహిరంగంగానే ఉంటుంది కాబట్టి అది కూడా దింపి ఇచ్చాడు. పాత పోస్టులు పాత సంతకంతో అలాగే ఉన్నాయి. చదువుకోవచ్చు, వాటి కింద ఇంకో మాట కలపలేను. చనిపోయినవాడి డైరీ చదివినట్టుంది, ఒకటి రెండు చోట్ల వాడి మీద కోపం కూడా వచ్చింది.

2023లో మనం అయిదుగురం. తెలుగులో రాస్తే జవాబిచ్చే దిక్కు లేక, ఒకరికొకరం జవాబులిచ్చుకుంటూ ఖాళీ హాల్లో మైకు టెస్టింగ్‌లా ఉండేది. అప్పుడు మాస్టారు పెట్టిన రెండు రూల్స్ గుర్తున్నాయా? కొత్తవాడి మొదటి తెలుగు పోస్టుకు 21 సాట్ల జాప్ కొట్టినా కొట్టకపోయినా, జవాబు మాత్రం తప్పకుండా రాయాలి. బిట్‌కాయిన్ ధర గురించి మాట్లాడినవాడు ఆ నెల మీటింగ్‌లో అందరి టీ డబ్బులు కట్టాలి. రెండో రూల్ వల్ల కొందరు వెళ్లిపోయారు, వాళ్లకు కావల్సింది ధర టిప్స్. మొదటి రూల్ వల్ల నిలిచినవాళ్లే వరద వచ్చిన సెప్టెంబర్‌లో పార పట్టుకుని వచ్చారు. ఈ లెక్క నాకు ముందే తట్టి ఉంటే జాప్‌ల గురించి అంత వాదించేవాణ్ని కాదు.

పేరు పెట్టి రాయొద్దని అన్న, అక్క, మాస్టారు ముగ్గురూ గట్టిగా చెప్పారు. మీరెవరో మీకు తెలుసు. అమ్మ మీ అందరినీ భోజనానికి పిలవమంది. గోంగూర, పప్పు, నాటుకోడి. తినని వాళ్లు ముందే చెప్పండి.

చివరిగా, కొత్త ఎన్‌సెక్ ఈసారి ఉక్కు మీదే కొట్టాను. 63 అక్షరాలు, రెండు గంటలు, ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. పంచ్‌ల సెట్ మేస్త్రి ఇంకో వారం ఉంచుకోమన్నాడు. వచ్చే ఆదివారం మాస్టారి డాబా మీదకు తెస్తాను, ఎవరి రేకు వాళ్లు తెచ్చుకోండి. పరీక్ష హాల్లోలాగా ఎవరి మూల వాళ్లు గోడ వైపు తిరిగి కూర్చోవాలి, ఫోన్లు కింద అన్న దగ్గర పెట్టాలి. సుత్తి మాత్రం ఒక్కటే ఉంది, ఇంట్లో ఉన్నవాళ్లు పట్టుకురండి.