నడిరోడ్డు మీద నా మాట విన్న పెద్దాయనకి

రాత్రి పదకొండు దాటింది. చేతులకి గ్రీజు వాసన ఇంకా వదల్లేదు. అయినా ఇది ఇప్పుడే రాసేయాలి, రేపటికి వదిలేస్తే ఎప్పటికీ రాయను, నా సంగతి నాకు తెలుసు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. నాన్నకి వారానికి 3 సార్లు డయాలసిస్, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. తీసుకెళ్లేదీ తీసుకొచ్చేదీ నేనే. ఆ తీసుకెళ్లే కారు ఈ ఆరు వారాల్లో 5 సార్లు నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. వేగంగా వెళ్తుండగా ఇంజిన్ ఆగిపోతే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేకు ఒకటి రెండు సార్లు పడుతుంది, ఆ తర్వాత కాలి కింద పెడల్ రాయిలా అయిపోతుంది, వెనకనుంచి హారన్లు, వెనక సీట్లోంచి నాన్న "ఏమైందమ్మా" అని. ఏమైందో నాకు తెలిస్తే కదా. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

నాలుగు చోట్ల చూపించాను. ఒకచోట బ్యాటరీ మార్చారు. ఇంకోచోట ప్లగ్గులు. మూడోచోట ఫ్యూయల్ పంపు. నాలుగోచోట రెండు రోజులు ఉంచుకుని "ఏ లోపమూ కనబడలేదు" అని కాగితం ఇచ్చారు, దానికీ బిల్లు వేశారు. ఆ కాగితం కారులో ఉండగానే నిన్న ఐదోసారి ఆగింది. డయాలసిస్ అయ్యాక నాన్న ఎలా ఉంటారో ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, మెడ నిలబెట్టే ఓపిక కూడా ఉండదు. పైన ఎండ. నేను పిచ్చిదానిలా సెల్ఫ్ కొడుతూనే ఉన్నాను.

అప్పుడు రోడ్డు అవతల చిన్న షెడ్డులోంచి ఒక పెద్దాయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చారు. బండి వైపు చూడలేదు, ముందు వెనక సీట్లోకి చూశారు. "ఆయన్ని దింపుదాం పదమ్మా, లోపల ఫ్యాన్ ఉంది" అన్నారు. నాన్నని నడిపించుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు ఇవ్వబోయి ఆగి, "తాగొచ్చా?" అని నన్ను అడిగారు. డయాలసిస్ వాళ్లకి నీళ్లు లెక్క అని ఆయనకి ఎలా తెలుసో, నేను అడగలేదు.

తిరిగి వచ్చాక నేను గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాను. పంపు కొత్తదండీ, బ్యాటరీ కొత్తది, ప్లగ్గులు కొత్తవి, బండిలో కంప్యూటరే పోయుంటుంది అని. మొత్తం విని, "ఏమేం మార్చారో తర్వాత చెబుదువుగాని. బండి ఏం చేసిందో చెప్పు" అన్నారు.

ఆగిపోయింది అన్నాను.

"ఎలా ఆగింది? జర్కులు కొట్టుకుంటూ, గుటకలు మింగుతూ ఆగిందా, దీపం ఆర్పినట్టు ఒక్కసారే ఆగిందా?"

నిజం చెప్తున్నా, ఆరు వారాల్లో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాల్సిన విషయమని నాకు తెలీదు. దీపం ఆర్పినట్టే ఆగేది, ప్రతిసారీ. పెట్రోలు అందకపోతే సాధారణంగా బండి తడబడి, కొట్టుకుని ఆగుతుందట. తాళం తీసేసినట్టు ఆగిందంటే ముందు కరెంటు వైపు చూడాలట. ఒక్క మాట. ఆ ఒక్క మాట మూడోచోట చెప్పుంటే ఆ పంపు మార్చేవాళ్లే కాదేమో. కానీ నేను అక్కడ ఏం చెప్పాను? "ఫ్యూయల్ పంపు అయ్యుంటుందండీ, మార్చేయండి" అని చెప్పాను, మా బావగారు ఫోన్లో అన్నారని. రోగం చెప్పమంటే మందు చెప్పొచ్చాను. వాళ్లు మార్చారు. అడిగిందే ఇచ్చారు మరి.

ప్రశ్నలు ఆగలేదు. ఎంతసేపు నడిపాక ఆగుతోంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎప్పుడైనా ఆగిందా? ఏసీ వేసుందా? ట్యాంకులో పెట్రోలు ఎంతుంది? మళ్లీ స్టార్ట్ అవడానికి ఎంతసేపు పడుతోంది? ఆగకముందు మీటర్లో ఏదైనా లైటు వెలిగిందా? సగానికి "గుర్తులేదండీ" అన్నాను. విసుక్కోలేదు, ఒక్కోదానికి కాసేపు టైమిచ్చారు.

"ఎప్పుడైనా నీళ్లలో దించావా?" అన్నప్పుడు మాత్రం లేదన్నాను. దించాను. రెండు నెలల కింద, వానలో, లోతు చూడకుండా. మా ఆయనకి కూడా చెప్పలేదు. పెద్దాయన ఏమీ అనలేదు, "వకీలు దగ్గరా వైద్యుడి దగ్గరా దాచకూడదంటారు, మమ్మల్ని ఆ లిస్టులో ఎవరూ కలపలేదు" అని నవ్వారు. అప్పుడు చెప్పేశాను.

నేను మళ్లీ తాళం తిప్పబోతే ఆపారు. "జబ్బు ఉన్నప్పుడే చూడాలమ్మా. చల్లారి తగ్గిపోయాక ఏం చూస్తాం?" నాలుగు చోట్లా జరిగింది అదే కదా, అరగంట ఆగి చల్లారిన బండిని తీసుకెళ్లి ఇవ్వడం, వాళ్లు స్టార్ట్ చేసి బానే ఉందనడం. తర్వాత నన్ను సెల్ఫ్ కొట్టమని, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆ వేగం చూపించే ఆర్‌పీఎం ముల్లు కదులుతుందేమో చూడమన్నారు. కదల్లేదు, సున్నా మీదే ఉంది. బానెట్ కింద ఎక్కడో చెయ్యి పెట్టి ఒకచోట కొంచెం చల్లనీళ్లు పోశారు, రెండు నిమిషాలాగి కొట్టమన్నారు. స్టార్ట్ అయింది. అరగంట కాదు, రెండు నిమిషాలు.

క్రాంక్ సెన్సర్ అట. ఇంజిన్ ఎంత తిరిగిందో కంప్యూటరుకి చెప్పేది అదే, వేడెక్కగానే అది మూగబోతోంది, ఆ కబురు రాకపోతే కంప్యూటరు స్పార్కూ పెట్రోలూ రెండూ ఆపేస్తుంది. "మరి స్కానర్‌లో ఏమీ రాలేదన్నారండీ" అన్నాను. అన్నిసార్లూ కంప్యూటర్లో లోపం కోడ్ పడదట, పడినా బ్యాటరీ తీసినప్పుడు చాలా బళ్లలో చెరిగిపోతుందట. మొదటి చోట చేసింది అదే! కోడ్ ఉందేమో చూడకుండా బ్యాటరీ విప్పేశారు.

అప్పుడు నేనన్నాను, "నాకు బండి గురించి ఏమీ తెలీదండీ, సరిగ్గా చెప్పడం రాదు, అందుకే ఇన్ని రోజులు పట్టింది" అని. ఆయన తల ఎత్తకుండానే, "బానే చెప్తున్నావు తల్లీ. అడిగినవాళ్లు లేరు" అన్నారు.

అంతే. ఆరు వారాలు ఏడవని దాన్ని ఆ రోడ్డు పక్కన బానెట్ పట్టుకుని ఏడ్చాను. ఆయన అటు తిరిగి స్పానర్లు సర్దుకుంటూ ఉండిపోయారు, నేను ముక్కు తుడుచుకునేదాకా.

ఈ ఉదయం కొత్త సెన్సర్ వేశారు. దాని వైరు తగిలించే కప్లర్‌లో పచ్చగా చిలుం పట్టి ఉంటే అదీ మార్చి, పాతవి రెండూ కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. నేను టార్చి పట్టుకున్నాను, అదే ఈ గ్రీజు. తర్వాత బండి నన్నే నడపమని పక్కన కూర్చున్నారు, ఏసీ వేసి, ఎండలో, గంటసేపు. ఆగలేదు. ఆ దారిలోనే, ముందు ఎడమవైపు ఏదో శబ్దం వస్తోందండీ అన్నాను. ఎలాంటి శబ్దం అంటే చెప్పడం రాలేదు. "మాట రాకపోతే నోటితో చేసి చూపించు" అన్నారు. నలభై రెండేళ్లదాన్ని, స్టీరింగ్ పట్టుకుని ఊఁఊఁఊఁ అని కూశాను. వేగంతో పెరుగుతోందా, నిలబెట్టి రేజ్ చేస్తే పెరుగుతోందా, స్టీరింగ్ కుడికి తిప్పితే ఎక్కువవుతోందా అని అడిగి, షెడ్డుకి వచ్చాక జాకీ ఎత్తి చక్రం తిప్పి చూసి, చక్రం బేరింగ్ పోవడం మొదలైంది, మరీ ముదరనివ్వకుండా మార్చుకో అన్నారు. వెంటనే మార్చేద్దాం అనలేదు, గమనించండి.

నాన్న విషయంలో నేను ఇవన్నీ చేస్తూనే ఉన్నాను. నోటుబుక్కులో తేదీ వేసి, బరువు, బీపీ, తాగిన నీళ్లు, అన్నీ రాస్తాను. అక్కడ సిస్టరు దగ్గరికెళ్లి "నాన్నకి బాలేదు, చూడండి" అని ఊరుకుంటానా? కారుకి మాత్రం ఆరు వారాలు అదే అన్నాను. ఆ పుస్తకంలో వెనక పేజీ నుంచి ఇప్పుడు కారుకి రాయడం మొదలుపెట్టాను.

ఇక ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ నాలుగు చోట్లలో ఒకటైన పెద్ద సర్వీస్ సెంటర్లో నేను పది నిమిషాలు చెప్పింది అద్దాల గదిలో కూర్చున్న సర్వీస్ అడ్వైజరుకి. జాబ్ కార్డు మీద ఆయన రాసింది రెండు ముక్కలు: స్టార్టింగ్ ట్రబుల్. నా బండికి స్టార్టింగ్ ట్రబుల్ ఎప్పుడూ లేదు, స్టాపింగ్ ట్రబుల్! బానెట్ ఎత్తిన మెకానిక్ నన్ను చూడనే లేదు, "కస్టమర్లు లోపలికి రాకూడదు" అని బోర్డు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను, అతని చేతికి అందింది ఆ రెండు ముక్కలే. సామాను మారిస్తే బిల్లవుతుంది, గంటసేపు కస్టమర్‌తో కలిసి ఎండలో తిరిగితే ఏ లెక్కలో రాస్తారు? మాట్లాడటానికి ఒకడు, పని చేయడానికి ఇంకొకడు, వాళ్లిద్దరికీ మధ్య అద్దం. ఇలా పెడితే బండి బాగవుతుందని ఎవరనుకున్నారో.

సరే. మా ఆయనకీ, తమ్ముడికీ, పిల్లలకీ థాంక్స్, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బావగారూ, మీరు మంచికే చెప్పారు, ఫీలవకండి.

పెద్దాయన ఫొటో వద్దన్నారు, పేరూ వద్దన్నారు. సామానుకీ పనికీ ఎంతయిందో అంతే తీసుకున్నారు. ఆయన ఇది చదవరు, ఫోన్లో ఇవన్నీ చూడరట. పైన ఉన్నది రేపు వెళ్లి చదివి వినిపిస్తాను. ఆ నీళ్ల అబద్ధం దాకా చదివి ఆగుతానేమో.

అయ్యో, మర్చిపోయా. రెండోసారి ఆగినప్పుడు బండిని పక్కకి నెట్టిన ఇద్దరు కాలేజీ పిల్లలు, పేర్లు కూడా అడగలేదు, థాంక్స్ బాబూ. టోయింగ్ బండి డ్రైవరు, నాన్నని ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆలస్యమైన రోజు స్లాటు పోకుండా చూసిన డయాలసిస్ సిస్టరు. ఆఫీసులో నా పని నెత్తినేసుకున్న మా సెక్షన్ వాళ్లు, అందరూ.

ఇంకా, నిన్న నాన్నని రోడ్డు దాటిస్తుంటే ఎండ తగలకుండా గొడుగు పట్టినావిడ. అమ్మా, మీ గొడుగు నా కార్లోనే ఉండిపోయింది. నీలం రంగు, పిడి దగ్గర దారం చుట్టి ఉంది. ఆ షెడ్డులో ఇచ్చి ఉంచుతాను, తీసుకోండి.