జూన్ నుంచి మన బేబీ కేర్‌లో మారేవి, వాటి వెనకున్న లెక్క

అమ్మలకు, నాన్నలకు, మనవల్ని దింపి వెళ్లే తాతయ్యలకు, అమ్మమ్మలకు నమస్కారం.

చేదు మాట ముందే చెప్పేస్తాను. జూన్ 12న, బడులు తెరిచే రోజు నుంచి, నెల ఫీజు 3,200 కాదు, 4,000. పిల్లల సంఖ్య 38 నుంచి 26కి తగ్గిస్తున్నాను. మూడేళ్లు నిండిన వాళ్లకు పొద్దునపూట మనం నడిపే క్లాసు ఆపేస్తున్నాను. గ్రూపులో రెండు లైన్లు పెట్టి ఊరుకోవచ్చు. కానీ తొమ్మిదేళ్లుగా నన్ను నమ్మి పిల్లల్ని వదిలి వెళ్తున్న వాళ్లకు అంత పొడిగా చెప్పబుద్ధి కాలేదు.

మార్చిలో జరిగిన సంగతితో మొదలుపెట్టాలి. మీలో కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. రెండో వారంలో ఒక సాయంత్రం, ఐదూ నలభై అయింది. మన గుంటూరులో మిర్చి సీజన్ మంచి ఊపు మీదుంది. కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే పని వదిలిపెట్టే వేళ, ఆఫీసుల నుంచి మీరొచ్చే వేళ ఒకటే. గేటు బయట ఐదారు ఆటోలు, లోపల 38 మంది పిల్లలు, నేను కాక నలుగురు ఆయాలు. ఎవరో గేటు తీసి, గడియ పెట్టడం మర్చిపోయారు. రెండేళ్లు దాటిన బాబు ఒకడు అందరి కాళ్ల మధ్య నుంచి రోడ్డు మీదకు నడిచి వెళ్లిపోయాడు. వాడు లేడని మాకు తెలియడానికి ఎంతసేపు పట్టిందో కెమెరాలో చూసుకున్నాను. పదకొండు నిమిషాలు. ఆ రోడ్డు మీద మిర్చి లారీలు ఎలా తిరుగుతాయో మీకు తెలుసు. మలుపులో చెరుకు రసం బండి అతను వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, చేతిలో ఒక చెరుకు ముక్క పెట్టాడు. మేం పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి వాడు ఆ పిప్పి నములుతూ మమ్మల్ని చూసి నవ్వాడు.

తప్పు గడియ మర్చిపోయిన వాళ్లది కాదు, నాది. సీజన్‌లో అడిగిన ప్రతివాళ్లకూ సరే అన్నాను. మూడేళ్ల లోపు పిల్లలైతే పదిమందికి ఒక మనిషి ఉండాలని 2018లో కేంద్రం ఇచ్చిన క్రెష్ (అమ్మలు పనికెళ్లినప్పుడు పిల్లల్ని చూసుకునే చోటు) మార్గదర్శకాల్లో ఉంది. కాగితం మీద నా లెక్క దానికి సరిపోతూనే ఉంది. ఒక ఆయా వంటింట్లో, ఒక ఆయా బాత్రూం దగ్గర ఉన్నప్పుడు హాల్లో మిగిలేది ఇద్దరేనన్న లెక్క మాత్రం ఏ కాగితమూ చెప్పలేదు. నేనూ వేసుకోలేదు.

ఆ సాయంత్రమే వాళ్లమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుంది, మానిపిస్తుంది అనుకున్నాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఏడున్నరకు మామూలుగా బాబుని తెచ్చి దింపింది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. ఇంకో చోటు లేక తెచ్చింది, అంతే.

ఇక్కడ రోజు కూలి మీద వచ్చే అమ్మల గురించి ఉద్యోగస్తులకు కొంచెం చెప్పాలి. ఎందుకంటే పోయినేడు ఒకరిద్దరు, "వాళ్ల పిల్లల్నీ మా పిల్లల్నీ ఒకేచోట ఎందుకు పెడతారు" అని అడిగారు. తొడిమలు తీయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లలో చంటిపిల్లల తల్లులు చాలామందే ఉంటారు. రోజంతా ఎండుమిరపకాయలు పట్టుకున్న చేత్తో బిడ్డ బుగ్గ ముట్టుకుంటే ఏమవుతుందో మొదటి సంవత్సరం నేను కళ్లారా చూశాను. ఎనిమిది నెలల పాప గంటసేపు ఏడ్చింది. నీళ్లతో ఎంత కడిగినా ఆ మంట పోదు, కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే గేటు పక్కన ఆ బల్ల. ముందు కొబ్బరినూనె రాసుకుని రుద్దాలి, తర్వాత సబ్బు, ఆఖర్న గిన్నెలో మజ్జిగ. చీర మీద తొడుక్కునే పాత ఫుల్‌హ్యాండ్ చొక్కా విప్పి మేకుకి తగిలించాకే లోపలికి. ఆ మేకులు దేనికని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఆ అమ్మలు ఈ పద్ధతి ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆఫీసు నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండా బిడ్డని ఎత్తుకునేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో నేను చెప్పను.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న. ఈ పిల్లల్ని చూసుకునే బాధ్యత సర్కారుది కదా, నువ్వెందుకు నెత్తిన వేసుకున్నావు అని. నేనూ అదే అడుగుదామని నవంబర్‌లో, సీజన్ మొదలుకాకముందే, రెండు ఆఫీసులకు వెళ్లాను. నేను అడిగింది చిన్న విషయం. ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చే దాకా, ఖాళీగా ఉన్న ఒక సర్కారు గది ఇప్పించండి, మనుషుల్ని నేను పెడతాను అని.

మొదటి ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, "పిల్లల సంగతి మా పరిధిలోకి రాదమ్మా, ఐసీడీఎస్ వాళ్లని అడగండి" అన్నారు. ఐసీడీఎస్ అంటే అంగన్‌వాడీలు నడిపే పథకం. రెండో ఆఫీసులో, "మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు అంగన్‌వాడీ ఉంది. మూడేళ్ల లోపు వాళ్లకు బాలామృతం ఇంటికే ఇస్తున్నాం. గది మా చేతిలో లేదు" అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. అదే అసలు తంటా.

ఇంటికొచ్చాక మా వారు రాజ్యాంగం పుస్తకం తీసి చూపించేదాకా నాకూ తెలియదు. పంచాయతీలకు అప్పగించదగ్గ పనులని పదకొండో షెడ్యూల్లో 29 అంశాలున్నాయి. వాటిలో స్త్రీ, శిశు అభివృద్ధి ఒకటి. మున్సిపాలిటీలకు పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలున్నాయి. రోడ్లు, నీళ్లు, పార్కులు, శ్మశానాలు, పశువుల బందెలదొడ్లు కూడా ఉన్నాయి. స్త్రీ, శిశు అభివృద్ధి మాత్రం లేదు. మన నల్లపాడు 2012 దాకా పంచాయతీయే. గుంటూరు కార్పొరేషన్‌లో కలిసిన రోజున వీధి లైట్లతో పాటు ఇదీ మారిపోయిందన్నమాట. పంచాయతీగా ఉన్నప్పుడు ఏదో ఒరగబెట్టారని కాదు. అడగడానికి కనీసం ఒక గుమ్మం ఉండేది. బందెలదొడ్డికి ఉన్న చోటు బాలవాడికి లేకపోయిందని మా వారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెండో చిక్కు లెక్కల్లో ఉంది. 400 నుంచి 800 మంది జనాభాకు ఒక అంగన్‌వాడీ అన్నది ఐసీడీఎస్ కొలత. ఆ జనాభా ఏది? ఇల్లు ఎక్కడుంటే అక్కడి జనాభా. అదీ 2011 నాటి లెక్క. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. విలీన గ్రామాలు కలుపుకుని మన గుంటూరు జనాభా ఆ లెక్కలో 7.43 లక్షలు. అప్పటికి ఇటువైపు ఈ అపార్టుమెంట్లు ఎన్ని ఉన్నాయో మీరే గుర్తు చేసుకోండి. పైగా నా దగ్గరకు వచ్చే కూలి అమ్మల పిల్లల పేర్లు వాళ్ల ఊరి అంగన్‌వాడీలో ఉంటాయి. పిల్ల మాత్రం పగలంతా ఇక్కడుంటుంది. రాత్రి ఎక్కడ పడుకుంటుందో రాసుకుని, దాన్నిబట్టి పగటి ఏర్పాటు చేస్తున్నారు. ఉద్యోగస్తులదీ అదే పరిస్థితి. అంగన్‌వాడీ సాయంత్రం నాలుగుకి మూస్తారు, మీరు ఆరుకి వస్తారు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 2025 దాకా ఉండేది. యాభై మంది ఉద్యోగులున్న సంస్థకు క్రెష్ తప్పనిసరి అని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చారు. కానీ మేస్త్రీ తెచ్చిన కూలీ ఎవరి రిజిస్టర్లో ఉంటుంది? ఇక ఆ గది ఎవరికోసం కడతారు?

పాల్నా అని కేంద్ర పథకం ఒకటుంది, 2022లో మహిళల పథకాలను కలిపిన మిషన్ శక్తి కిందకు తెచ్చారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని పగలంతా చూసుకునేలా అంగన్‌వాడీకే క్రెష్ జతచేసే పద్ధతి అందులో ఉంది. "అది మన పక్కకు వస్తే నీ వ్యాపారం దెబ్బతింటుంది కదా" అని ఒక నాన్నగారు అన్నారు. దెబ్బతింటే తినని. యార్డు చుట్టుపక్కల అలాంటివి రెండు వస్తే సీజన్‌లో నా గేటు దగ్గర ఎవర్నీ వెనక్కి పంపాల్సిన పని ఉండదు.

సరే, మన లెక్కకు వద్దాం. ఫీజు మీద ఫోన్లు రాకుండా అంకెలు ఇక్కడే పెడుతున్నాను. అద్దె 18,000. నలుగురు ఆయాలకు 36,000. పాలు, గుడ్లు, వంట కలిపి 14,000. వేసవిలో కరెంటు 5,000 దాటుతుంది, మీటరు కమర్షియల్. మొత్తం 73,000. ఇరవై నెలసరి సీట్లకు 4,000 చొప్పున 80,000 వస్తుంది. మిగిలిన ఆరు సీట్లు సీజన్‌లో రోజు కూలి అమ్మలకు, రోజుకు 70 రూపాయలు. ఆ ఆరింటినీ నెలసరి చేస్తే నాకు లాభమే, అది తెలిసే వదిలేస్తున్నాను. ఈ మాట నచ్చనివాళ్లు నాతో విడిగా మాట్లాడండి, గ్రూపులో వద్దు.

పొద్దునపూట క్లాసు ఎందుకు ఆపుతున్నానంటే, అది పెట్టిందే మీ ముచ్చట కోసం. మూడేళ్ల పిల్లల చేత ఏబీసీడీలు రాయించాను. వీడియోలు తీసి పంపాను, మీరు మురిసిపోయారు. ఒక పాప పెన్సిల్ చూడగానే చేతులు వెనక్కి దాచుకోవడం మొదలుపెట్టింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అనీ, ఆ వయసులో చదువు ఆటపాటలతోనే సాగాలనీ 2020 విద్యా విధానంలో రాసుంది. అది తెలిసీ నేను పెన్సిలే ఇచ్చాను. జీతం 12,000 ఇచ్చి టీచర్ని పెట్టి మరీ ఇచ్చాను. ఆవిడకు వేరే చోట పని దొరికేలా చూశాను.

ఇకనుంచి మూడు నిండిన మన పిల్లలు ఐదుగురూ పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా పక్క వీధి అంగన్‌వాడీకి వెళ్లొస్తారు. మన పెద్దాయా తీసుకెళ్లి తీసుకొస్తుంది. ఏప్రిల్‌లో రెండు పూటలు నేనక్కడ కూర్చుని చూశాను. టీచరమ్మ సీసా మూతల్ని రంగుల వారీగా వేరు చేయిస్తోంది, చింతగింజలతో ఎక్కువ తక్కువలు చెప్పిస్తోంది. మన క్లాసులో కంటే పిల్లల నోళ్లు ఎక్కువ ఆడుతున్నాయి. "అంగన్‌వాడీకా?" అని మీలో కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. గది ఇరుకు, ఫ్యాను ఒకటే, అదీ నిజమే. ఒకసారి వెళ్లి చూసి, తర్వాత నిర్ణయించుకోండి. పేరు నమోదు చేయించాల్సింది మీరే, నేను చేయించడానికి కుదరదు. వద్దనుకునేవాళ్లకు వేరే బడి చూసుకోవడానికి మే నెలంతా ఉంది. మే మధ్యలో మానేస్తే మిగతా రోజుల డబ్బు తిరిగి ఇస్తాను.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీటు లేదని వెనక్కి పంపిన పిల్లల లెక్క ఒక నోటుబుక్కులో రాసిపెట్టాను. వయసు, అమ్మ పనిచేసే చోటు, పని వేళలు, అంతే. మొత్తం 43 మంది. దాని జిరాక్సు మన వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆ కాగితం వల్ల ఏదైనా అవుతుందని గట్టిగా అనుకోవడం లేదు. అయినా వచ్చే నవంబర్‌లో మళ్లీ వెళ్తాను, ఈసారి మీ లెక్క కూడా పట్టుకుని. గేటు బల్ల మీద, కొబ్బరినూనె గిన్నె పక్కన ఒక రిజిస్టర్ పెట్టాను. పేర్లు అక్కర్లేదు. బిడ్డ వయసు, మీరు పనిచేసే ప్రాంతం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా మనిషి అవసరమో రాయండి. పెన్ను దారంతో కట్టే ఉంది, తీసుకెళ్లకండి.

సీటు ఉంచమనేవాళ్లు మే 20 లోపు చెప్పాలి. ఇప్పుడున్న పిల్లల్లో తమ్ముడో చెల్లో ఉన్నవాళ్లకు, ఏడాది లోపు చంటిపిల్లలకు ముందు ఇస్తాను. గేటుకు కొత్త గడియ పెద్దవాళ్లకే అందేంత ఎత్తులో పెట్టించాను. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఒక ఆయా అక్కడే నిలబడుతుంది. ఆమె తీసేదాకా మీరు గడియ మీద చెయ్యి వేయొద్దు, ఎంత తొందరలో ఉన్నా సరే.