రాడ్డా, ప్లేటా? ఎందుకో తెలుగులో రాసివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మోకాలికి కాస్త పైన తొడ ఎముక విరిగిందంటే మన దగ్గర బంధువులంతా చర్చించేది ఒకటే, ఎముక అతకడానికి లోపల వేసే లోహం స్టీలా టైటానియమా అని. మా చిన్నాన్నకు కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు, రాడ్డు వేస్తున్నారో ప్లేటు వేస్తున్నారో ఎవరూ చెప్పలేదు, సంతకం పెట్టమన్న కాగితమేమో మొత్తం ఇంగ్లీషు.

అసలు తేడా రాడ్డా ప్లేటా అన్న దగ్గరే ఉంది. రాడ్డును మోకీలు దగ్గర నుంచి ఎముక లోపలి గొట్టంలోకి పైకి ఎక్కిస్తారు, బరువు ఎముక మధ్యలోంచే పోతుంది కాబట్టి చాలామందికి త్వరగా కాలు మోపనిస్తారు, మంచాన పడితే కోలుకోవడం కష్టమయ్యే అవ్వాతాతలకు ఇది చిన్న విషయం కాదు. ప్లేటును తొడకు బయటి పక్కన పెట్టి స్క్రూలు బిగిస్తారు. ఇప్పటి లాకింగ్ ప్లేట్లలో స్క్రూ తల మీది మరచుట్లు ప్లేటు రంధ్రంలోకే బిగుసుకుంటాయి, అందుకే గుల్లబారిన ఎముకలోనూ పట్టు బాగుంటుంది. ఎముక కీలులోపలికి చీలి ముక్కలైతే ముందు ఆ కీలు నున్నగా కలవాలి, అలాంటప్పుడు ఎక్కువగా ప్లేటు వైపే మొగ్గుతారు. కానీ లోపలి పక్క ఎముక నుజ్జయిపోతే భారమంతా ఆ ఒక్క ప్లేటు మీదే పడి, అతుక్కోకముందే ప్లేటు విరగొచ్చు కూడా, అందుకని కొందరికి రెండు ప్లేట్లు, కొందరికి రాడ్డూ ప్లేటూ కలిపి వేస్తున్నారు.

అందరికీ ఇదే మేలు అని పరిశోధనలూ తేల్చలేదు. ఎముక విరిగిన తీరు చూసి డాక్టరు తేల్చాలి, అంతేగానీ స్టోర్‌లో ఏముందో, కంపెనీ ఏజెంటు ఏది తెచ్చాడో దాన్నిబట్టి కాదు. ధర సంగతి వేరే. 2017లో కేంద్రం పెట్టిన పరిమితి మోకీలు మార్పిడి ఇంప్లాంట్లకే, ఈ ప్లేట్లూ రాడ్లూ అందులోకి రావు.

కర్నూలు సర్వజన ఆసుపత్రికి నంద్యాల నుంచి, గద్వాల నుంచి కూడా వస్తారు. అక్కడ రెండు రకాలూ అన్ని సైజుల్లో ఎప్పుడూ ఉండాలి. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఆపరేషన్‌కు ముందు తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి: ఎక్కడ విరిగింది, ఏది వేస్తున్నారు, ఎందుకు, కాలు ఎప్పుడు మోపొచ్చు, ఎంతవుతుంది. కనీసం ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేసే ఆపరేషన్లకైనా దీన్ని తప్పనిసరి చేయండి. ఎక్స్‌రే చూపించి ఐదు నిమిషాలు మాట్లాడరు, జనం పుత్తూరులో నాటువైద్యులు వేసే కట్టుకు బస్సెక్కితే మాత్రం మూఢనమ్మకం అంటారు.

– ఒక పాఠకుడు, కల్లూరు, కర్నూలు