మంత్రి గారూ, లేజర్ ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా జిల్లా ఆసుపత్రిలో షుగర్ రోగుల కళ్లకు లేజర్ చేసే డాక్టర్ లేరని ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం, ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి ఇచ్చాం, మీ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో కూడా పంపాం. ఎక్కడి నుంచీ జవాబు లేదు, అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా అమ్మకు షుగర్. నెలనెలా పీహెచ్‌సీలో వేలు గుచ్చి చూసి మాత్రలిస్తారు. కంట్లో చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి వెనక ఉండే పొర, చూడాలని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు. ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు 2018లో వచ్చింది, మళ్లీ 2023లో వచ్చింది, అద్దాలిచ్చారు, ఆ మేలు కాదనను. కానీ రెటీనాలో కారే రక్తాన్ని అద్దాలు ఆపలేవు కదా సార్.

కళ్ల ముందు నల్లటి దారాలు తేలుతున్నాయని అమ్మ అంటే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు కళ్లకూ వెంటనే లేజర్ పడాలన్నారు. మిషన్ ఆ గదిలోనే ఉంది, గుడ్డ కప్పి. చేసే డాక్టర్ డిప్యుటేషన్ మీద వెళ్లారట. వచ్చే వారం రమ్మన్నారు, తర్వాత పండగయ్యాక అన్నారు, చివరికి హైదరాబాద్ వెళ్లమని చీటీ రాసిచ్చారు. ఈలోగా ఎడమ కంట్లో రక్తం నిండిపోయింది, అలా నిండితే లేజర్ కిరణం లోపలికి పోదట. ఆపరేషన్ చేసినా ఇప్పుడు ఆ కంటికి ఎదుట చాచిన వేళ్లు లెక్కపెట్టేంత చూపే మిగిలింది.

కుడి కంటికి లేజర్ చేసిన డాక్టరమ్మ ముందే చెప్పారు, ఇది ఉన్న చూపును కాపాడుతుందే తప్ప పోయినదాన్ని తేదని. రెటీనా అంచుల్లో వందల కొద్దీ చిన్న చిన్న చుక్కలుగా కాలుస్తారు, దాంతో కొత్తగా పుట్టే బలహీనమైన రక్తనాళాలు ఎండిపోయి నడిమి చూపు నిలబడుతుంది, కానీ పక్క చూపూ చీకట్లో చూపూ కొంత తగ్గుతాయి. అమ్మ ఆ కంటితో బియ్యంలో రాళ్లు ఏరుతోంది, పొద్దుగూకితే మాత్రం గోడ పట్టుకునే నడుస్తోంది. అయినా లేజర్ మీద మాకే ఫిర్యాదూ లేదు. సమయానికి చేస్తే చూపు బాగా పోయే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 1976లోనే అమెరికాలో తేల్చారు. అంత పాత వైద్యం మా జిల్లాలో ఎందుకు అందదు సార్? మాకు అర్థం కావట్లేదు, ఎవరూ చెప్పట్లేదు.

దయచేసి ఆ డాక్టర్ గారిని వెనక్కి పంపండి, కుదరకపోతే వారానికి ఒక్కరోజైనా ఎవరినైనా పంపండి. షుగర్ మాత్రలిచ్చే చోటే ఏడాదికోసారి చుక్కలు వేసి కళ్లు చూడమనండి. అమ్మతో పాటు లైన్లో నిలబడ్డ ఒక ఆటో డ్రైవర్‌కు ఇంకా తేదీ ఇవ్వలేదు, బండి తీయకపోతే ఆ ఇల్లు గడవదు. ముందు ఆయనకు చేయించండి.

ఇట్లు,
ఒక షుగర్ పేషెంట్ కొడుకు