మునిగి తేలిన బోటు సంగతి కాగితంలో ఉండాలి

సంపాదకుడు గారికి,

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఈ 61 రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒడ్డెక్కుతాయి, రంగులు పడతాయి, చేతులు మారతాయి. తుపానుకు మునిగినవో, జెట్టీకి కట్టి ఉండగానే గ్లాండు (ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వెళ్లే చోట నీటిని ఆపే సీలు) కారి రాత్రికి రాత్రి అడుగంటినవో వాటిలో కొన్ని ఉంటాయి. పైకి తీసి, బాగుచేసి, కొత్త బోటులా నిలబెడతారు. ధర కలిసొస్తే కొనుక్కుంటారు, అందులో తప్పేమీ లేదు. మునిగిన సంగతి కొనేవాడికి తెలియాలి కదా. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో బోటు పొడవు, ఇంజిన్ నంబరు, యజమాని పేరు అన్నీ కనిపిస్తాయి గానీ ఆ ఒక్క ముక్క కనిపించదు.

ముందు ఇంజిన్ సంగతి. నీటి అడుగున ఉన్నన్నాళ్లు జరిగే నష్టం కంటే పైకి తీశాక జరిగేదే ఎక్కువ. ఉప్పునీరు, గాలి రెండూ కలిసినప్పుడే తుప్పు ఇనుమును తినేస్తుంది. అందుకని ఎన్ని రోజులు మునిగి ఉందని అడిగితే చాలదు. తేల్చిన ఎన్ని గంటలకు ఇంజిన్ విప్పారో అడగాలి. తేల్చిన రోజే ఇంజెక్టర్లు ఊడదీసి, క్రాంకును చేత్తో తిప్పి సిలిండర్లలో నీరు కక్కించి, మంచినీళ్లతో కడిగి, డీజిల్ పోసి, ఆయిల్ తెల్లబడటం మానేదాకా రెండు మూడుసార్లు మార్చి నడిపితే ఆ ఇంజిన్ దక్కుతుంది. బీమా సర్వేయరు వచ్చి చూసేదాకా ముట్టుకోకుండా జెట్టీ మీద వారం పదిరోజులు వదిలేస్తే క్రాంకు జర్నళ్ల (బేరింగులు కూర్చునే నున్నటి భాగాల) మీద గుంటలు పడతాయి, సిలిండర్ల లోపలి లైనర్లకు పిస్టన్ రింగులు పట్టేస్తాయి. గుంటలు పడ్డ జర్నల్ మీద కొత్త బేరింగులు వేసినా నిలవవు. మొదట్లో ఆయిల్ ప్రెషర్ బాగానే చూపిస్తుంది, ఒకటి రెండు నెలల వేట తర్వాత వేడెక్కినప్పుడల్లా పడిపోవడం మొదలవుతుంది. అప్పటికి అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

మునిగేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉంటే ఇంకో చిక్కు. గాలి పీల్చే దారిలో నీరు మింగుతుంది. నీరు గాలిలా నలగదు కాబట్టి పైకొచ్చే పిస్టన్ దాన్ని గుద్దుకుని కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డుతోనూ ఇంజిన్ స్టార్టవుతుంది, నడుస్తుంది, అదే ప్రమాదం. హెడ్డు (సిలిండర్ల పైమూత) ఊడదీసి ఒక్కో పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, బ్లాకు అంచు నుంచి ఎంత ఎత్తులో ఆగిందో కొలవాలి. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక పిస్టన్ మిగతావాటి కంటే కిందే ఆగిందంటే ఆ రాడ్డు వంగినట్టే. హెడ్డు తీయడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఇంజిన్‌కు తుక్కు ధరే కట్టాలి.

హెడ్డు తీయడం కుదరకపోతే కనీసం చల్లగా ఉన్న ఇంజిన్‌ను మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బ్లాకు చేతికి వేడిగా తగిలితే ఆ రోజుకు తిరిగొచ్చేయండి, మర్నాడు చెప్పకుండా వెళ్లండి. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కంప్రెషన్ లేదు, లేదా లోపలికి నీరు వస్తోంది. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. హార్బర్ దాటి బయటి సముద్రంలో లోడు మీద రెండు గంటలు తిప్పి, ఆ రాత్రి ఇంజిన్ ఆపి ఉంచి, పొద్దున డిప్‌స్టిక్ తీసి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగు కనిపించిందా, బేరం ఆపేయండి. గేర్‌బాక్సు ఆయిల్‌కూ ఇదే పరీక్ష. దాన్ని విప్పకుండా పైపైన కడిగి వదిలేసేవాళ్లే ఎక్కువ.

చెక్క విషయంలో మోసం ఇంకా తేలిక. మన సోనా బోట్లు (వల లాగే ఒక రకం మరపడవలు) చాలావాటికి చెక్క మీద ఫైబర్ తొడుగు ఉంటుంది. మునిగిన బోటును పూర్తిగా ఆరనివ్వకుండా తొడుగు వేస్తే తడి లోపలే చిక్కుకుని పలకలు లోలోపల కుళ్లుతాయి, బయట మాత్రం అద్దంలా మెరుస్తుంది. చిన్న సుత్తితో గానీ రూపాయి బిళ్లతో గానీ జానెడుకొక చోట కొట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, ఫైబర్ చెక్కను వదిలేసిన చోట డొల్లగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట 6 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం పెట్టి, వచ్చిన పొట్టును వేళ్ల మధ్య నలపండి. పొడిగా రాలితే సరే. నల్లగా ముద్దలా అంటుకుంటే ఆ పలక మార్చాల్సిందే. రంధ్రాన్ని ఎపాక్సీతో పూడ్చవచ్చు, బోటుకేమీ కాదు. కీల్‌కు (బోటు అడుగున పొడవునా వెన్నెముకలా ఉండే దూలానికి) ఆనుకుని ఉన్న మొదటి పలకలో, నీటి గీత దగ్గరా నాలుగైదు మేకులు లాగించి చూడాలి. తల బాగానే ఉండి నడుము సూదిలా సన్నబడి ఉంటే ఆ వరస మేకులన్నీ అంతేనని లెక్క.

మునగడం కంటే లేపడంలోనే విరిగే బోట్లూ ఉన్నాయి. లోపల 20 ఘనపు మీటర్ల నీరు ఉందంటే 20 టన్నుల పైమాటే. ముందు నీరు తోడకుండా క్రేనుకు రెండు బెల్టులు తగిలించి లేపితే బెల్టు పడ్డచోట ఫ్రేములు చిట్లుతాయి, కీల్ నడుములో వంగుతుంది. ముక్కు నుంచి వెనక దాకా కీల్ పక్కన నూలు దారం బిగించి చూస్తే వంపు తెలిసిపోతుంది. కీల్ వంగితే ఇంజిన్ బెడ్డు కదులుతుంది, షాఫ్ట్ వరస తప్పుతుంది, గ్లాండు పేకింగ్ నెలకోసారి అరుగుతుంది. మొదటిసారి బోటును ముంచిన గ్లాండు మళ్లీ కారడం అలా మొదలవుతుంది. ఇంజిన్ వైపును షాఫ్ట్‌తో కలిపే కప్లింగు బోల్టులు వదులు చేసి, రెండు ముఖాల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో నాలుగు వైపులా కొలవండి. అరడుగు కప్లింగుకు తేడా 0.15 మిల్లీమీటరు దాటకూడదు. ఈ కొలత బోటు నీటిలో తేలుతుండగా తీయాలి, స్లిప్‌వే మీద తీసింది చెల్లదు.

ఎవరూ అడగని చోటు ఒకటుంది, ఐస్ రూము. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గది అనుకుందాం. అడుగు, నాలుగు గోడలు కలిపి 33 చదరపు మీటర్లు. ఫోమ్ మందం 10 సెంటీమీటర్లయితే 3.3 ఘనపు మీటర్ల ఫోమ్. అందులో నాలుగో వంతు మేర నీరు పీల్చుకున్నా 800 కిలోలు దాటుతుంది. అంటే చేపలు, ఐస్, డీజిల్ ఏవీ ఎక్కకముందే డజను మంది మనుషుల బరువు బోటులో కూర్చుని ఉన్నట్టు. ఆ నీరు ఎండదు, పంపుకు అందదు. బోటు ఆ మేరకు నీటిలోకి దిగి ఉంటుంది, డెక్కు సముద్రానికి దగ్గరవుతుంది, అక్టోబరు, నవంబరుల్లో అల పట్టినప్పుడు తేడా తెలుస్తుంది. అదే కొలతల బోటు పక్కన ఖాళీగా నిలబెట్టి నీటి గీతలు పోల్చండి. ఐస్ రూము లోపలి తొడుగును అడుగు మూలలో అరచేయంత కోసి ఫోమ్ పిండి చూడండి. ఐస్ మామూలు కంటే ముందే కరుగుతోందని కళాసీలు చెప్పుకుంటుంటే దానికీ ఇదే కారణం, తడిసిన ఫోమ్ చల్లదనం ఆపదు.

వైరింగ్ గురించి ఒక్క మాట. రాగి తీగల పోగుల మధ్య నుంచి ఉప్పునీరు తొడుగు లోపలికి మూరల కొద్దీ పాకుతుంది. చివర కత్తిరించి కొత్త లగ్గు (వైరు కొనకు బిగించే బిళ్ల) వేస్తే పైకి బాగానే ఉంటుంది. ఏదైనా ఒక వైరు మధ్యలో కోసి చూడండి, రాగి నల్లబడో పచ్చబడో ఉంటే మొత్తం వైరింగ్ మార్చాలి, స్టార్టరు, ఆల్టర్నేటరు సహా. తుప్పు పట్టిన జాయింటు వేడెక్కుతుంది. ఒక బోటు అంటుకుంటే పక్కపక్కనే కట్టిన బోట్ల గతేమిటో 2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బరే చూసింది.

ఇవన్నీ కొనేవాడు చూసుకోవలసినవే. చట్టమూ అంతే అంటోంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెప్పాల్సిన బాధ్యత ఉంటే తప్ప ఊరకుండటం మోసం కాదు. 19వ సెక్షన్ ఇంకో మెట్టెక్కి, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉంటే అలా దాచారన్న కారణంతో ఒప్పందం రద్దు చేసుకోలేరంటుంది. కాబట్టి నోటితో అడిగి ఊరుకోవద్దు. ‘ఈ బోటు ఎప్పుడైనా మునిగిందా, మునిగితే తేదీ, చోటు, ఎన్నాళ్లు, బీమా సొమ్ము తీసుకున్నారా’ అని అగ్రిమెంటులోనే రాయించి సంతకం పెట్టించండి. తెలిసి అబద్ధం రాస్తే అది ఊరకుండటం కిందికి రాదు, మోసం కిందికే వస్తుంది. మీరు కొత్త బీమా తీసుకునేటప్పుడూ ఆ సంగతి ప్రపోజల్ ఫారంలో రాయాలి. దాస్తే రేపు క్లెయిమ్ నిరాకరించడానికి కంపెనీకి అదొక్కటే చాలు.

అయితే కొనేవాడి జాగ్రత్త మీదే అంతా వదిలేయడం న్యాయం కాదు. సమాచారం ప్రభుత్వం దగ్గరే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత పరిహారం కోసం దెబ్బతిన్న బోట్ల లెక్క తీసింది మత్స్యశాఖే. ప్రమాదం జరిగినప్పుడు మెరైన్ పోలీసులకు ఫిర్యాదు వెళ్తుంది, బీమా ఉంటే సర్వే రిపోర్టు తయారవుతుంది. ఇవన్నీ ఎవరి ఫైల్లో వాళ్ల దగ్గర ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్ అయ్యాక నంబరు కొడితే మునిగిన తేదీ కనిపించేలా ఒక గడి పెట్టడం పెద్ద పనేమీ కాదు. యజమాని పేరు మార్పిడికి దరఖాస్తు వచ్చినప్పుడు, ఆ గడి నిండి ఉన్న బోటును మత్స్యశాఖ ఇంజనీరు ఒడ్డు మీద ఒకసారి, నీటిలో ఒకసారి చూశాకే బదిలీ చేయాలి. ఫీజు కొనేవాడి దగ్గర తీసుకున్నా ఎవరూ కాదనరు. నిషేధం రోజుల్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి గనుక తనిఖీకి ఇదే అనువైన కాలం. జిల్లా మత్స్యశాఖ అధికారులు జూన్ 15 లోపు కనీసం ఈ సీజన్‌లో చేతులు మారుతున్న బోట్లతోనైనా మొదలుపెట్టాలని కోరుతున్నాం.

— మరపడవల మరమ్మతు పనివాళ్లు,
విశాఖపట్నం